ఎడమకు తిరగడానికే పుట్టిన టైరు

వంటింట్లోంచి ఒక స్టీలు గ్లాసు తెచ్చి, నున్నటి గచ్చు మీద అడ్డంగా పడుకోబెట్టి, వేలితో చిన్నగా తోసి చూడండి. తిన్నగా పోదు. మూతి వెడల్పు, అడుగు ఇరుకు కాబట్టి అడుగున్న వైపుకు వంగుతూ దొర్లుతుంది. తగినంత చోటుంటే సున్నా చుట్టి మళ్లీ మీ కాళ్ల దగ్గరికే వస్తుంది. దాన్ని ఎవరూ పక్కకు తిప్పలేదు. దాని ఆకారమే దాన్ని తిప్పింది.

అమెరికా స్టాక్ కార్ పందేల్లో, అంటే బజారులో అమ్మే కార్ల రూపంలో ఉండే పందెం కార్లు పరిగెత్తే నాస్కార్ పోటీల్లో, కార్ల కింద ఈ గ్లాసే దాగి ఉంటుంది. కుడి టైరు చుట్టుకొలత కాస్త ఎక్కువ, ఎడమ టైరుది కాస్త తక్కువ. కోడిగుడ్డు ఆకారపు ట్రాక్ మీద కారు మూడు నాలుగు గంటల పాటు ఎడమకే తిరగాలి కాబట్టి, ఆ పనిలో కొంత టైర్లకే అప్పగించారు. టీవీలో చూసేవారికి నాలుగు టైర్లూ ఒకేలా నల్లగా, నున్నగా, పసుపు అక్షరాలతో కనిపిస్తాయి. పక్కగోడ మీద అచ్చు వేసిన సైజు కూడా నాలుగింటికీ ఒకటే. అయినా అవి ఒకే టైరు కావు.

సైజు ఎంత అని అడిగితే ఒక్క ముక్కలో చెప్పవచ్చు. 2022లో కొత్త తరం కారు వచ్చినప్పటి నుంచి నాస్కార్‌లో అన్నిటికంటే పెద్ద పోటీ అయిన కప్ సిరీస్ టైరు 365/35 ఆర్18. మన కార్ల టైర్ల మీద ఉండే లెక్కే ఇదీనూ. మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో చెబుతుంది. ఆర్ అంటే రేడియల్, అదేమిటో తర్వాత చూద్దాం. చివరిది రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. మన రోడ్ల మీద హ్యాచ్‌బ్యాక్ కార్లకు తరచుగా కనిపించే 185/65 ఆర్15ను దీని పక్కన నిలబెడదాం. వెడల్పులో పందెం టైరు దాదాపు రెట్టింపు. మొత్తం ఎత్తు 713 మిల్లీమీటర్లు, మన కారు టైరుది 622. ఇంతవరకు ఊహకు అందేదే. కానీ 35 అనే అంకె చూడగానే పక్కగోడ సన్నటి పట్టీలా ఉంటుందని అనుకుంటాం. లెక్క కట్టి చూడండి. 365లో 35 శాతం 128 మిల్లీమీటర్లు. 185లో 65 శాతం 120. పొట్టి పక్కగోడ అని పేరుపడ్డ పందెం టైరు, మన బుల్లి కారు టైరుకంటే ఆ కొలతలో కాస్త పొడుగే. శాతాన్ని సైజు అనుకుంటే టైరు షాపులో కూడా ఇలాగే పొరబడతాం.

ఆ అంకెలు చెప్పేది ఇంతే. ఏ రబ్బరు, ఏ పక్కకు, ఏ ట్రాక్‌కు, ఎంత వేడికి అన్నవేవీ వాటిలో లేవు. వాటి కోసం మరో కోడు ఉంటుంది. అమెరికాలోని ఓహాయో రాష్ట్రం, యాక్రన్ నగరంలో ఈ టైర్లను తయారు చేసే గుడ్‌ఇయర్ కంపెనీ ప్రతి రకానికీ ఒక కోడు ఇస్తుంది. డేటోనా ట్రాక్‌కు ఒకటి, మార్టిన్స్‌విల్ ట్రాక్‌కు ఇంకొకటి. ఒకే ట్రాక్‌లో ఎడమ పక్కకు ఒకటి, కుడి పక్కకు మరొకటి. 1997 నుంచి కప్ సిరీస్‌కు టైర్లిచ్చేది ఆ కంపెనీ ఒక్కటే. జట్లు వాటిని కొనుక్కోవు, అద్దెకు తీసుకుంటాయి. పందెం అయ్యాక అరిగినవీ అరగనివీ లెక్క చూసి తిరిగి అప్పగించాలి. ఫలానా జట్టు కోటి రూపాయలు పోసి రహస్యంగా మంచి టైరు చేయించుకుంది అనే మాటకు ఇక్కడ తావు లేదు. అందరికీ దొరికేది అదే రబ్బరు. దాన్ని ఎంత ఒత్తిడితో, ఎంత వాలుగా, ఎంత ఓర్పుతో వాడతారన్న దగ్గరే పోటీ.

మళ్లీ గ్లాసు దగ్గరికి వద్దాం. కుడి, ఎడమ టైర్ల చుట్టుకొలతల మధ్య ఉన్న ఈ తేడాను ఆ పందేల వాళ్లు స్టాగర్ అంటారు. దాని అవసరం ఎంతో కాగితం మీదే తేల్చవచ్చు. ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య దూరం 1.6 మీటర్లు అనుకుందాం. కారు ఒక పూర్తి చుట్టు తిరిగితే బయటి చక్రం, లోపలి చక్రంకంటే పది మీటర్లు ఎక్కువ నడవాలి. ఇందులో ఒక తమాషా ఉంది. ట్రాక్ పెద్దదైనా చిన్నదైనా ఆ పది మీటర్లు మారవు. రెండున్నర మైళ్ల డేటోనాలోనూ పది మీటర్లే, అర మైలు దాటీ దాటని బ్రిస్టల్‌లోనూ పది మీటర్లే. బ్రిస్టల్‌లో 500 ల్యాపులు, అంటే 500 చుట్లు, పూర్తయ్యేసరికి కుడి టైర్లు ఎడమ టైర్లకంటే అయిదు కిలోమీటర్లు ఎక్కువ తిరిగి ఉంటాయి. డేటోనా 500లో ల్యాపులు 200 కాబట్టి అక్కడ తేడా రెండు కిలోమీటర్లే.

మన కార్లకు ఈ బాధ లేదు. ఇంజను తిప్పే రెండు చక్రాల మధ్య డిఫరెన్షియల్ అనే గేర్ల అమరిక ఉంటుంది, రెండింటినీ వేర్వేరు వేగాలతో తిరగనిస్తుంది. పాత స్టాక్ కార్లలో మాత్రం ఇంజను బలం రెండు చక్రాలకూ సమానంగా అందాలని వెనక ఇరుసును దాదాపు ఒక్క కడ్డీలా బిగించేవారు. అప్పుడు రెండు టైర్ల చుట్టుకొలతా సమానమైతే మలుపులో ఏదో ఒకటి నేల మీద రాసుకుంటూ జారాలి. కారు ముక్కు తిరగనని మొండికేస్తుంది. అందుకని కుడి టైరును పెద్దది చేశారు. 60 మీటర్ల వ్యాసార్ధమున్న చిన్న ట్రాక్ మలుపుకు లెక్క ప్రకారం ఆరు సెంటీమీటర్ల తేడా కావాలి. 300 మీటర్ల మలుపుకు ఒక సెంటీమీటరు దాటితే చాలు. కానీ ట్రాక్ అంతా మలుపే కాదు కదా. తిన్నటి దారిలోనూ కారు ఎడమకే గుంజితే డ్రైవరు కుడికి పట్టి ఉంచాలి, రబ్బరు ఊరికే వేడెక్కుతుంది. కాబట్టి లెక్క ఎంత అడిగినా అంతా ఇవ్వరు. ఇప్పటి కార్లలో ఈ తేడా ట్రాక్‌ను బట్టి ఒక అంగుళం, అంగుళంన్నర దగ్గర ఉంటోంది.

ఈ స్టాగర్‌ను వేలితో తాకి చూసే రోజులు ఉండేవి. 1980ల దాకా వాడినవి బయాస్ టైర్లు. వాటి లోపలి పోగులు నులక మంచం అల్లికలా ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటుతూ ఉంటాయి. నులక మంచం ఎలా సాగుతుందో ఆ టైరూ అలాగే సాగుతుంది. గాలి ఎక్కువ కొడితే చుట్టుకొలత పెరుగుతుంది. ఒకే అచ్చులోంచి వచ్చిన రెండు టైర్లు కూడా సమానంగా ఉండేవి కావు. అందుకే ప్రతి జట్టులో ఒక మనిషి టేపు పట్టుకుని, వచ్చిన టైర్లన్నింటి నడుము చుట్టూ కొలిచి, సుద్దముక్కతో అంకె రాసి, జతలు కట్టేవాడు. దర్జీ పని అన్నమాట. రేడియల్ టైరు వచ్చాక ఆ దర్జీకి పని తగ్గింది. రేడియల్‌లో పోగులు ఈ అంచు నుంచి ఆ అంచుకు తిన్నగా పోతాయి, వాటి మీద, నేలకు తగిలే రబ్బరు పొర అయిన ట్రెడ్ కింద, ఉక్కు తీగల పట్టీ చుట్టి ఉంటుంది. ఎడ్లబండి చక్రానికి కమ్మరి బిగించిన ఇనుప పట్టా లాంటిదే ఇది. గాలి కొట్టినా పెద్దగా సాగదు. చుట్టుకొలత ఎంత ఉండాలో ఇక ఫ్యాక్టరీయే తేల్చేస్తుంది.

ఆ మార్పు సులువుగా రాలేదు. 1988లో హూజియర్ అనే చిన్న కంపెనీ పోటీకి దిగి గుడ్‌ఇయర్‌తో టైర్ల యుద్ధమే చేసింది. ఎవరి టైరు వేగంగా ఉంటే జట్లు వాళ్ల వైపు దూకేవి. గెలవాలని ఇద్దరూ మెత్తటి రబ్బరు వైపు మొగ్గారు, టైర్లు పేలడం ఎక్కువైంది. 1989 ఏప్రిల్‌లో నార్త్ విల్క్స్‌బరోలో గుడ్‌ఇయర్ రేడియల్ తొలిసారి పందెంలోకి వచ్చింది, దాని మీద డేల్ ఎర్న్‌హార్ట్ గెలిచాడు. ఆ ఏడాదే హూజియర్ తప్పుకుంది. 1994లో మళ్లీ వచ్చి, మళ్లీ వెళ్లిపోయింది. టైర్లలో పోటీ లేకపోవడం ఆటకు మంచిదా కాదా అని అభిమానులు ఇప్పటికీ వాదించుకుంటారు. నేనైతే ఒకే కంపెనీ వైపు. వేగం కోసం ఇద్దరు పోటీ పడితే ముందు తెగేది భద్రతే అని ఆ సంవత్సరాలు చూపించాయి.

కుడి, ఎడమల తేడా చుట్టుకొలతతో ఆగదు. ఎడమకు తిరిగే కారులో బరువంతా కుడి పక్కకు ఒరుగుతుంది. బస్సు మలుపు తిరుగుతుంటే నిలబడ్డ వాళ్లంతా ఒక పక్కకు ఒరిగినట్టే. డేటోనాలో మలుపులు 31 డిగ్రీల వాలు. అంత ఏటవాలు మీద నిలబడటమే కష్టం. గంటకు 190 మైళ్ల వేగంతో సుమారు 300 మీటర్ల వ్యాసార్ధపు మలుపు తిరిగే కారును లెక్క వేస్తే, అది ట్రాక్ మీద తన బరువుకు రెండింతలకు పైగా అదుముతుంది. గాలి కిందికి నొక్కే బలం దీనికి అదనం. డ్రైవరు, పెట్రోలు కలిపి 1,600 కిలోల కారు అనుకుంటే మూడున్నర టన్నుల దాకా అవుతుంది. అందులో పెద్ద వాటా కుడి పక్కన ఉన్న రెండు టైర్లది.

కాబట్టి కుడి టైరుకు గట్టి రబ్బరు, గట్టి కట్టుబడి, ఎక్కువ గాలి. ఎడమ టైరుకు మెత్తటి రబ్బరు, తక్కువ గాలి. బరువు తక్కువ పడే చోట పట్టు కావాలంటే మెత్తదనమే దిక్కు. మనం బంకులో ఆగి ముందు ముప్ఫై, వెనక ముప్ఫై రెండు పెట్టమంటాం. వీళ్ల లెక్క ముందు వెనకలతో సరిపోదు, అసలు తేడా కుడి ఎడమలది. చిన్న ట్రాక్‌లలో ఎడమ టైర్లలో ఉండే గాలి చూస్తే మన పంక్చర్ షాపు వాడు ముందు మేకు కోసం వెతుకుతాడు. ఫార్ములా వన్‌తో పోలిస్తే ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఫార్ములా వన్ కారుకు వెనక టైర్లు వెడల్పు, ముందు టైర్లు సన్నం. కుడి ఎడమలు మాత్రం ఒకటే, ఎందుకంటే అక్కడి ట్రాక్ రెండు వైపులకూ తిరుగుతుంది. హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన జరిగిన విద్యుత్ కార్ల పందెం, ‘ఫార్ములా-ఈ’, కూడా అలాంటిదే. స్టాక్ కారులో ముందూ వెనకా ఒకే సైజు, తేడా అంతా పక్కల్లో ఉంది. టైర్లు చూసి ట్రాక్ ఆకారం చెప్పేయవచ్చు.

వేడి సంగతికి వద్దాం. అసలు శత్రువు అదే. 713 మిల్లీమీటర్ల టైరు చుట్టుకొలత రెండు మీటర్ల పావు. 190 మైళ్ల వేగంలో అది సెకనుకు 38 సార్లు తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ నేలకు తగిలే భాగం నలిగి, మళ్లీ విచ్చుకుంటుంది. ఇనుప తీగను పదిసార్లు ముందుకీ వెనక్కీ వంచితే వంపు దగ్గర చెయ్యి కాలుతుంది కదా, రబ్బరూ అంతే. అందుకే ట్రెడ్ మీద రబ్బరును కొన్ని మిల్లీమీటర్లకు మించి ఉంచరు. ఎక్కువ రబ్బరు ఉంటే ఎక్కువ కాలం వస్తుందని మన అనుభవం. ఇక్కడ మందం పెరిగితే లోపలి వేడి బయటికి పోదు. రబ్బరు లోలోపల ఉడికి, పైన పొక్కులు లేచి, పెచ్చులుగా ఊడిపోతుంది.

గీతలు లేకపోవడం కూడా అందుకే. మన దగ్గర గుండు టైరు అంటే మార్చాల్సిన టైరు. వీళ్లది కొత్తదే గుండు. గీతలు నీళ్లను పక్కకు నెట్టడానికి. పొడి నేల మీద వాటివల్ల నేలకు తగిలే రబ్బరు తగ్గుతుంది, గీతల మధ్య దిమ్మలు ఊగి వేడెక్కుతాయి. వాన పడితే కోడిగుడ్డు ట్రాక్‌ల మీద పందెం ఆపేయడమే దశాబ్దాల ఆనవాయితీ. ఈమధ్యే చిన్న ట్రాక్‌ల కోసం గీతల టైరు తెచ్చారు. 2024 జూన్‌లో న్యూ హ్యాంప్‌షైర్ పందేన్ని వాన ఆపేశాక, ఆ టైర్లతో పూర్తి చేయగలిగారు. ఆరోజు క్రిస్టఫర్ బెల్ గెలిచాడు.

గాలి విషయంలోనూ వేడిదే పెత్తనం. 25 డిగ్రీల వాతావరణంలో 25 పీఎస్‌ఐ పెట్టిన టైరు 100 డిగ్రీలకు వేడెక్కితే ఒత్తిడి దాదాపు 35కు చేరుతుంది. అంటే మొదట పెట్టిన అంకె కారు పరిగెత్తేటప్పుడు ఉండే అంకె కాదు. పది ల్యాపుల తర్వాత ఎంత ఉండాలో ముందు ఊహించి, అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టి తక్కువ పెట్టాలి. మామూలు గాలికి బదులు నత్రజని నింపేదీ ఈ లెక్క చెడకుండా ఉండటానికే. నత్రజనిలో ఏదో మహిమ ఉందని కాదు. వేడికి అది కూడా పొడి గాలి లాగే వ్యాకోచిస్తుంది. మామూలు గాలిలోని తేమే పేచీ పెడుతుంది, ఎప్పుడు ఎంత ఉంటుందో చెప్పలేం. సిలిండర్‌లోని నత్రజనిలో తేమ ఉండదు. మన ఊళ్లో నత్రజని నింపుతామని డబ్బులు తీసుకునే చోట ఈ ముక్క ఎవరూ చెప్పరు.

గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుంది. నేలకు తగిలే భాగం పెద్దదవుతుంది, రబ్బరు త్వరగా వేడెక్కి అంటుకుంటుంది. కానీ పక్కగోడ ఎక్కువగా వంగుతుంది, వంగినకొద్దీ అలసిపోతుంది. కనీసం ఇంత గాలి ఉండాలని ప్రతి ట్రాక్‌కూ కంపెనీ ఒక అంకె సూచిస్తుంది. ఆ అంకెకు కిందికి ఎంత దూరం దిగవచ్చా అని జట్లు చూస్తూ ఉంటాయి. 2022 సెప్టెంబరులో టెక్సస్‌లో దానికి మూల్యం చెల్లించాయి. పందెంలో ముందున్న చేజ్ ఎలియట్ టైరు పేలి గోడకు కొట్టుకున్నాడు. ఆ తర్వాత ముందుకొచ్చిన కెవిన్ హార్విక్‌ది అదే కథ, మార్టిన్ ట్రూఎక్స్ జూనియర్‌దీ అదే కథ. ముందుండటమే గండంగా మారింది. కొన్ని జట్లు గాలి మరీ తక్కువ పెట్టాయని కంపెనీ అంది. కొందరు డ్రైవర్లు టైరునే తప్పుపట్టారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉందని నాకనిపిస్తుంది. అది కొత్త కారుకు తొలి ఏడాది. వెనక చక్రాలను ఒక్కోదాన్ని విడిగా, నిలువు నుంచి కాస్త పక్కకు వాల్చే వీలు అప్పుడే వచ్చింది. వాల్చిన టైరు లోపలి అంచు మీదే బరువు పడుతుంది, దానికి తోడు తక్కువ గాలి. ఏ టైరుకైనా ఒక హద్దు ఉంటుంది.

ఆ కొత్త కారుతోనే చక్రం కూడా మారింది. అంతకుముందు దశాబ్దాల పాటు 15 అంగుళాల ఉక్కు రిమ్ము, దానికి అయిదు నట్లు. టైరు మొత్తం ఎత్తు అప్పుడూ ఇప్పుడూ 28 అంగుళాల చుట్టుపక్కలే. రిమ్ము మూడు అంగుళాలు పెరిగింది కాబట్టి ఆ మేరకు పక్కగోడ తగ్గింది, ఒక్కో పక్క అంగుళంన్నర చొప్పున. ఇప్పుడు 18 అంగుళాల అల్యూమినియం రిమ్ము, నడిమధ్యన ఒక్కటే పెద్ద నట్టు. బజారులో అమ్మే కార్ల రిమ్ములు పెద్దవై చాలా కాలమైంది. 15 అంగుళాల చక్రాల మీద పరిగెత్తే కారును అమ్మకపు కారుకు అన్న అని చెప్పుకోవడం తయారీదారులకే మొహమాటంగా ఉండేది. రిమ్ము పెరిగితే లోపల బ్రేకులకూ చోటు పెరుగుతుంది. పందెం మధ్యలో ట్రాక్ పక్కనున్న పిట్‌లో ఆగి నాలుగు చక్రాలు మార్చడానికి పన్నెండు పదమూడు సెకన్లు పట్టే పిట్ స్టాప్ పది సెకన్ల లోపలికి వచ్చింది. కానీ అయిదు నట్ల గన్ను వరుసగా అయిదుసార్లు గీపెట్టే ఆ చప్పుడు పోయిందని పాత అభిమానులు ఇప్పటికీ బాధపడతారు. ఉన్న ఆ ఒక్క నట్టు సరిగా పట్టకపోతే చక్రం మొత్తం ఊడి ట్రాక్ మీద దొర్లుకుంటూ పోవడం తొలి ఏడాది కొన్నిసార్లు చూశాం.

పక్కగోడ తగ్గడంతో పోయిన మరో వస్తువు గురించి తక్కువ మంది మాట్లాడతారు. అది టైరు లోపలి టైరు. 1964 సెప్టెంబరులో షార్లెట్‌లో టైర్లు పరీక్షిస్తూ జిమ్మీ పార్డ్యూ చనిపోయాడు. 1965 జనవరిలో డేటోనాలో అలాంటి పరీక్షలోనే బిల్లీ వేడ్ చనిపోయాడు. పందెంలో కాదు, టైరు భద్రంగా ఉందో లేదో చూసే పనిలో. అప్పటికి కార్ల వేగం టైర్లను దాటిపోయింది. ఆ మరణాల తర్వాత గుడ్‌ఇయర్ బయటి టైరు లోపల, అదే రిమ్ము మీద, మరో చిన్న టైరును అమర్చింది. దానికి వేరే గాలి, బయటిదానికంటే ఎక్కువ ఒత్తిడి. బయటిది పేలినా కారు బరువు లోపలిదాని మీద నిలబడుతుంది, డ్రైవరుకు స్టీరింగు అదుపులో ఉంటుంది. మైలుకంటే పొడవైన ట్రాక్‌లలో దాన్ని తప్పనిసరి చేశారు. అర్ధ శతాబ్దానికి పైగా అది ఎందరిని కాపాడిందో లెక్కలేదు. కొత్త టైరులో దానికి చోటు లేదు.

దాని ఫలితం వింతగా బయటపడింది. కొత్త కారుకు అడుగున పొడవునా చదునైన పలక ఉంటుంది. టైరులో గాలి పోతే ఆ పలక నేలకు ఆనుతుంది. పాత కారైతే లోపలి టైరు మీదనో, పొడుగాటి పక్కగోడ మీదనో కుంటుకుంటూ పిట్ దాకా వచ్చేది. కొత్తది కడుపు నేలకానించిన తాబేలులా అక్కడే కూర్చుంటుంది. ఇంజను బాగానే ఉంటుంది, డ్రైవరు బాగానే ఉంటాడు, కానీ వెనక చక్రాలు గాల్లో తిరుగుతాయి. నాలుగు టైర్లు మారిస్తే మళ్లీ పరిగెత్తగల కారును ట్రక్కు వచ్చి ఈడ్చుకుపోవడం తొలి సంవత్సరాల్లో పెద్ద రభసే అయింది. సైజులో మూడంగుళాల మార్పు చివరికి ఈడ్చుకుపోయే నిబంధనల దాకా వచ్చింది.

టైరు ఎంత బాగా చేసినా సగం కథ నేలదే. ఇండియానాపొలిస్ దానికి రెండుసార్లు సాక్షి. ఆ ట్రాక్‌ను 2004 చివర్లో మళ్లీ పరిచి, మరుసటి ఏడాది వజ్రపు రంపాలతో సన్నటి గాట్లు పెట్టారు. 2005 జూన్‌లో అక్కడ ఫార్ములా వన్ పందెం. ఆ పందేనికి కోడిగుడ్డు ట్రాక్‌లోని ఒక వాలు మలుపును వాడుకునేవారు, కానీ వ్యతిరేక దిశలో, కాబట్టి బరువంతా ఎడమ వెనక టైరు మీద. మిషెలిన్ టైర్లు ఆ మలుపులో నిలవలేవని తేలింది. ఆ కంపెనీ టైర్లున్న 14 కార్లు పందెం మొదలయ్యే ముందు వేసే లాంఛనపు చుట్టు తర్వాత లోపలికి వెళ్లిపోయాయి. బ్రిడ్జ్‌స్టోన్ టైర్లున్న ఆరు కార్లే పరిగెత్తాయి. మన నారాయణ్ కార్తికేయన్ జోర్డాన్ కారులో నాలుగో స్థానంలో వచ్చి, ఫార్ములా వన్‌లో పాయింట్లు సాధించిన తొలి భారతీయుడయ్యాడు. ఆ అయిదు పాయింట్ల వెనక ఒక టైరు పక్కగోడ ఉంది.

మూడేళ్ల తర్వాత, 2008 జూలైలో, అదే చోట నాస్కార్‌కు ఆ గతే పట్టింది. ఆ ఏడాది వాడిన కారు అంతకుముందు దానికంటే ఎత్తు, గాలి నొక్కే బలం తక్కువ, కుడి టైర్ల మీద బరువు ఎక్కువ. సాధారణంగా అరిగిన రబ్బరు ట్రాక్ గరుకులోకి దూరి ఒక పొరలా అతుక్కుంటుంది. కొన్ని ల్యాపులు గడిచేసరికి రబ్బరు మీద రబ్బరు నడుస్తుంది, అరుగుదల తగ్గుతుంది. ఆరోజు అలా జరగలేదు. రబ్బరు అతుక్కోకుండా సన్నటి పొడిగా రాలిపోయింది. పది పన్నెండు ల్యాపులకే టైర్లు లోపలి పోగులు కనిపించేలా అరిగిపోయాయి. చివరికి నిర్వాహకులే ప్రతి కొన్ని ల్యాపులకూ పసుపు జెండా ఊపి, అందర్నీ లోపలికి పిలిచి టైర్లు మార్పించారు. జిమ్మీ జాన్సన్ గెలిచాడు. 400 మైళ్ల పందేన్ని ముక్కలు ముక్కలుగా కోసి నడిపినందుకు టికెట్టు కొన్నవాళ్లు చాలా కాలం తిట్టుకున్నారు.

అయితే అరిగే టైరు చెడ్డదా? ఇక్కడే ఈ వ్యవహారం చిక్కుపడుతుంది. అస్సలు అరగని టైరు ఇస్తే ముందున్నవాడు ముందే ఉంటాడు, వెనకున్నవాడికి దాటే దారి దొరకదు. అరిగే టైరు ఉంటేనే ఓర్పున్న డ్రైవరుకు ఫలితం. మొదట్లో మెల్లగా నడిపి రబ్బరు దాచుకున్నవాడు చివర్లో అందర్నీ దాటుకుంటూ పోగలడు. మరీ అరిగితే 2008. టైరు ఇంజనీరుకు అప్పగించిన పని ఎంత దుర్మార్గమైనదో చూడండి. పేలకూడదు, కానీ పాడవాలి. పాడవాలి, కానీ నెమ్మదిగా, పందెం పొడవుకు సరిపోయేంత నెమ్మదిగా.

ప్రతి టైరు ట్రెడ్‌లోనూ కొన్ని సన్నటి రంధ్రాలుంటాయి. పిట్‌లోంచి వచ్చిన టైరు ఇంకా పొగలు కక్కుతుండగానే ఒక మనిషి దాని మీద అంటుకున్న రబ్బరు ముద్దలను వేడి గాలితో మెత్తబరిచి, బద్దతో గీకి, ఆ రంధ్రాల్లో సూది లాంటి గేజు దింపి లోతు చదువుతాడు. లోపలి అంచు, మధ్య, బయటి అంచు. మూడూ సమానంగా అరిగితే టైరు వాలు సరిగ్గా ఉన్నట్టు. లోపలి అంచులో రంధ్రం మాయమైతే గుండె గుభేలుమంటుంది. ఆ అంకెలు విని జట్టును నడిపించే క్రూ చీఫ్ తర్వాతి స్టాప్‌లో గాలి అర పౌండు పెంచాలా తగ్గించాలా అని తేల్చుకుంటాడు. తెరమీద వేగం తప్ప మరేమీ కనిపించని ఈ ఆట ఇలా మిల్లీమీటరు భాగాల్లో నడుస్తుంది.

2024 మార్చి 17న బ్రిస్టల్‌లో ఆ రంధ్రాలు ఎవరూ ఊహించనంత త్వరగా మాయమయ్యాయి. చల్లటి రోజు, కాంక్రీటు ట్రాక్, రబ్బరు నేలకు అతుక్కోలేదు. అంతకుముందు సెప్టెంబరులో అక్కడే వాడిన టైరే ఇది, అప్పుడు ఏ గొడవా లేదు. ఇప్పుడేమో 50 ల్యాపులు కూడా రాకముందే పోగులు బయటపడుతున్నాయి. జట్లకు అదనంగా ఒక సెట్టు ఇవ్వాల్సి వచ్చింది. పందెం పాడైందని కొందరు, ఇన్నేళ్లలో ఇంత మంచి పందెం చూడలేదని మరికొందరు. వేగంగా నడిపినవాడు ఓడిపోతున్నాడు. ఆగి నడిపినవాడు గెలుస్తున్నాడు. ముందున్న కారు 54 సార్లు మారింది. చిన్న ట్రాక్‌లలో అది రికార్డు. చివరికి గెలిచిన డెనీ హామ్లిన్‌తో కలిపి అయిదు కార్లే ఒక్క చుట్టూ వెనకబడకుండా మిగిలాయి.

అదే టైరును అదే ఏడాది సెప్టెంబరులో మళ్లీ బ్రిస్టల్‌కు తెచ్చారు. అభిమానులు మార్చి నాటి తమాషా కోసం ఎదురుచూశారు. సైజు అదే, రబ్బరు అదే, ట్రాక్ అదే. ఈసారి వాతావరణం వెచ్చగా ఉంది, రబ్బరు చక్కగా అతుక్కుంది, టైరు దాదాపు అరగనే లేదు. కైల్ లార్సన్ 500 ల్యాపుల్లో 462 ల్యాపులు ముందుండి గెలిచాడు.